అదే బ్లేడు, రెండు కోతలు

ఇంటి గ్యారేజీలో చెక్కపని చేసుకునే అమెరికన్ల కోసం 2000లో ఒక భద్రతా ప్రకటన వెలువడింది. 1958 నుంచి 1992 దాకా సియర్స్ దుకాణాల్లో క్రాఫ్ట్స్‌మన్ పేరుతో అమ్ముడైన సుమారు 37 లక్షల రేడియల్ ఆర్మ్ రంపాలకు బ్లేడును పూర్తిగా కప్పే గార్డు లేదు కాబట్టి, తయారీదారైన ఎమర్సన్ కంపెనీ కొత్త గార్డును ఉచితంగా పంపుతుందని, గార్డు అమరని మోడళ్ల విషయంలో మోటారు భాగాన్ని వెనక్కి ఇచ్చినవారికి 100 డాలర్లు చెల్లిస్తుందని అందులో ఉంది. వేళ్లూ చేతులూ తెగిన ఉదంతాలతో కలిపి 300కు పైగా గాయాల ఫిర్యాదులు, యంత్రం విసిరిన చెక్క తగిలి ఒక మరణం అప్పటికే కంపెనీ లెక్కకు వచ్చాయి. నలభై ఏళ్ల నాటి యంత్రానికి గార్డు పంపిస్తామనడం అరుదైన సంగతే. ఈ రంపం గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ రెండు జట్లుగానే ఉన్నారు. అసలు ఇంట్లో ఉండకూడని యంత్రమిది అంటారు కొందరు. ముప్ఫయ్యేళ్లుగా వాడుతున్నాం, గోరు కూడా చిట్లలేదు అంటారు మరికొందరు. రెండు జట్లూ యంత్రానికి మొత్తంగా ఒకే మార్కు వేయాలని చూస్తున్నాయి, చిక్కంతా అక్కడే ఉంది. అడ్డకోతకు ఈ రంపాన్ని సమర్థించవచ్చు, నిలువుకోతకు సమర్థించలేం. ఈ తేడాకు మూలం వాడే మనిషి జాగ్రత్తలో కన్నా బ్లేడు పళ్లు ఏ దిక్కుకు తిరుగుతున్నాయన్న దాంట్లోనే ఎక్కువగా ఉంది.

ముందు యంత్రం రూపం చూద్దాం. వెనకవైపు నిటారుగా ఒక స్తంభం, దాని పైనుంచి ముందుకు చాచిన చేయి, ఆ చేయి వెంట ముందుకూ వెనక్కూ జారే బండి, బండికి వేలాడే మోటారు, మోటారు ఇరుసుకే నేరుగా బిగించిన గుండ్రటి బ్లేడు. కింద చెక్క బల్ల. బల్ల వెనక భాగంలో, స్తంభానికి ముందు, నిలబెట్టిన ఒక పట్టీ ఉంటుంది, దాన్ని ఫెన్స్ అంటారు. పలకను ఫెన్స్‌కు ఆనించి ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో మోటారును తనవైపు లాగితే అడ్డకోత పడుతుంది. చేయిని స్తంభం చుట్టూ పక్కకు తిప్పితే ఐమూలగా కోయవచ్చు. మోటారును ఒకవైపు వంచితే అంచు వాలుగా తెగుతుంది. మర తిప్పి బ్లేడును కొంచెం పైకెత్తితే పలకను తెంచకుండా గాడి మాత్రమే తీస్తుంది. మోటారును చేయి కింద 90 డిగ్రీలు తిప్పి తాళం బిగిస్తే బ్లేడు ఫెన్స్‌కు సమాంతరంగా నిలుస్తుంది, అప్పుడు పలకను తోసి పొడుగునా చీల్చవచ్చు, అదే నిలువుకోత. ఇన్ని దిక్కులకు తిరిగే కీళ్లు ఉండటమే దీని ఆకర్షణ. ప్రతి కీలూ కొంత వదులయ్యే చోటు కూడా అని మాత్రం ఇప్పుడే గుర్తుపెట్టుకోవాలి.

న్యూజెర్సీ రాష్ట్రం బ్రిడ్జ్‌టన్‌లో కలప మిల్లు పనులు చూసే రేమండ్ డివాల్ట్ 1922లో ఈ రంపాన్ని రూపొందించాడు. 1925లో పేటెంటు దక్కింది. పెన్సిల్వేనియాలో ఆయన పేరుతో కంపెనీ వెలిసింది. నేడు పసుపు రంగు డ్రిల్లుల మీద కనిపించే డివాల్ట్ పేరు అక్కడిదే. ఆయన ముందున్నది మిల్లు సమస్య. పన్నెండడుగుల పలకను, బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి వచ్చే బల్ల రంపం మీద అడ్డంగా కోయాలంటే పలక మొత్తాన్ని బ్లేడు మీదుగా నడిపించాలి. ఒక్క మనిషి ఆ కొస ఈ కొస సంబాళించుకోలేడు, పలక ఏ మాత్రం పక్కకు తిరిగినా బ్లేడు పట్టేస్తుంది. పలకను ఉన్నచోటే ఉంచి బ్లేడునే నడిపిస్తే ఒక్కడే రోజంతా కోసుకుపోవచ్చు. డివాల్ట్ ఆలోచన సారమంతా ఇంతే, అది చాలా మంచి ఆలోచన. కలప డిపోల్లో, ఇళ్ల నిర్మాణ స్థలాల్లో ఆ యంత్రం ఆ ఒక్క పనే చేస్తూ మంచి పేరు తెచ్చుకుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కథ మారింది. 1949లో ఏఎంఎఫ్ అనే సంస్థ డివాల్ట్‌ను కొనుక్కుంది. ఊరి శివార్లలో గ్యారేజీలున్న కొత్త ఇళ్లు లక్షల్లో లేస్తున్న కాలమది. ఇంటివాళ్ల కోసం చిన్న సైజు రంపం ‘పవర్ షాప్’ పేరుతో వచ్చింది. సియర్స్ కూడా ఇదే దారి పట్టింది. అడ్డంగా కోయండి, నిలువుగా చీల్చండి, గాడులు తీయండి, ఇరుసు రెండో కొసకు డ్రిల్లు బిగించండి, సానపట్టే డ్రమ్ము తగిలించండి అంటూ ఒకే యంత్రంలో వర్క్‌షాపు మొత్తాన్ని అమ్మారు. గోడవారగా నాలుగడుగుల చోటు చాలు, ఇంకో యంత్రం కొనక్కర్లేదు. మిల్లులో నిలువుకోతకు వేరే యంత్రాలున్నాయి. గ్యారేజీలో ఇది ఒక్కటే ఉంది. ఒక పనిలో ఆరితేరిన యంత్రం సకల కళావల్లభుడిగా మార్కెట్లోకి రావడం అమ్మకాలకు కలిసొచ్చింది, వేళ్లకు కలిసి రాలేదు.

ఇప్పుడు దిక్కుల లెక్క. బల్ల ముందు నిలబడి చూస్తే బ్లేడు పైభాగం మనవైపు వస్తుంది, ముందు అంచు కిందికి దిగుతుంది, అడుగుభాగం మన నుంచి ఫెన్స్ వైపు పోతుంది. మోటారును మనవైపు లాగినప్పుడు పలకను ముందుగా తాకేది కిందికి దిగుతున్న ఆ ముందు పళ్లే. అవి పలకను బల్లకేసి అదుముతాయి, ఫెన్స్‌కేసి నెడతాయి. అంటే పలకను కదలకుండా పట్టి ఉంచే పనిలో సగం కోతే చేసిపెడుతోంది. పలక తిన్నగా ఉండి, ఫెన్స్‌కు పూర్తిగా ఆనినంతవరకు అది ఎగిరి మన మీదికి వచ్చే దారి లేదు. వంకర పలక అయితే, లేదా పలకకూ ఫెన్స్‌కూ మధ్య రంపపు పొట్టు చేరి సందు మిగిలితే ఈ మాట వర్తించదు. ఆనుకోవడానికి ఏమీ లేని పలకను బ్లేడు తనకు తోచినట్టు తిప్పేస్తుంది. కానీ ఇవి కళ్లతో చూసి సరిచేసుకోగల విషయాలు. పైగా ఈ కోతలో గీసిన గీత పైనే ఉంటుంది, బ్లేడు ఆ గీత మీదే దిగడం కనిపిస్తుంది, పొడుగాటి పలక బరువంతా బల్ల మీదే ఉంటుంది. పన్నెండడుగుల పలకను ఇంత నిశ్చింతగా తెంచగల యంత్రాలు ఇంటి వర్క్‌షాపుల్లో ఎక్కువ లేవు.

అయితే న్యూటన్ మూడో నియమం ఇక్కడ సెలవు తీసుకోదు. పళ్లు పలకను వెనక్కి నెడితే, పలక బ్లేడును ముందుకు, అంటే మనవైపు నెడుతుంది. అందుకే ఈ రంపాన్ని నిజానికి లాగనక్కర్లేదు, అదే వస్తానంటుంది. పల్లంలో దిగే బండిని ఎడ్లు వెనక్కి కాచుకుంటూ నడిచినట్టు, ఇక్కడ చేతి పని రంపాన్ని కాచుకోవడమే. గట్టి కలప ఎదురైనా, పళ్లు మొద్దుబారినా, మనిషి పట్టు సడలినా బ్లేడు కోయాల్సినదానికన్నా ఎక్కువ కలపను ఒక్కసారి కొరుకుతుంది, పలక మీదికి ఎక్కి ముందుకు దూకుతుంది. చాలాసార్లు మోటారు అక్కడే ఆగిపోతుంది. ఆగకపోతే దాని దారిలో ఎడమ చేయి ఉందా లేదా అన్నదే మిగిలిన ప్రశ్న. ఈ దూకుడును చాలావరకు తగ్గించే ఉపాయం బ్లేడు ఎంపికలోనే ఉంది. పన్ను ముఖం తిరిగే దిక్కుకు ముందుకు వాలి ఉంటే ధన కోణం, వెనక్కి వాలి ఉంటే రుణ కోణం అంటారు. బల్ల రంపం మీద నిలువుకోతకు వాడే బ్లేడుకు ఈ కోణం 20 డిగ్రీల దాకా ధనంగా ఉంటుంది. అది కలపను కొరికి తనలోకి లాక్కుంటుంది, అక్కడ కావలసిందీ అదే. అదే బ్లేడును రేడియల్ ఆర్మ్ రంపానికి బిగిస్తే దూకుడుకు ఆహ్వానం పంపినట్టే. దీనికి తగింది సున్నాకు అటూఇటూ, వీలైతే రుణ 5 డిగ్రీలున్న బ్లేడు. అది కొరకడానికి బదులు గీకుతూ పోతుంది, కోతకు కొంచెం ఎక్కువ సమయం పడుతుంది, రంపం చెప్పినట్టు వింటుంది. ఖర్చు ఒక బ్లేడు ధర మాత్రమే. ఇంత చవకైన భద్రతా పరికరం మరొకటి ఈ యంత్రానికి దొరకదు, అయినా దుకాణంలో చేతికందిన పది అంగుళాల బ్లేడు తెచ్చి బిగించేవాళ్లే ఎక్కువ.

మోటారును 90 డిగ్రీలు తిప్పి నిలువుకోత మొదలుపెట్టగానే ఇదే బలం ఎదురుతిరుగుతుంది. ఇప్పుడు బ్లేడు నిలిచి ఉంటుంది, పలక కదులుతుంది. సరైన పద్ధతిలో పలకను బ్లేడు తిరిగే దిక్కుకు ఎదురుగా తోయాలి. అప్పుడు అడుగు పళ్లు మనవైపు వస్తూ, పలక లోపలికి వెళ్లే చోట పైకి లేస్తాయి. అంటే అక్కడ బ్లేడు పలకను బల్ల మీంచి ఎత్తుతుంది, మనవైపు నెడుతుంది. అడ్డకోతలో ఈ బలాన్ని ఆపడానికి బల్ల, ఫెన్స్ ఉన్నాయి. ఇక్కడ ఫెన్స్ పక్కన మాత్రమే ఉంది, పలకకు వెనక ఉన్నది తోసే మనిషి. లోపలి బిగువు వల్ల కలప చీలే కొద్దీ కోత సందు మూసుకుపోయి బ్లేడును నొక్కితే, లేదా బ్లేడు ఫెన్స్‌కు పూర్తి సమాంతరంగా లేక పలక మధ్యలో ఇరుక్కుంటే, బ్లేడు దాన్ని పట్టుకుని వెనక్కి విసురుతుంది. కిక్‌బ్యాక్ అనేది ఇదే. అమెరికా విద్యుత్తు మీద ఈ మోటార్లు నిమిషానికి దాదాపు 3,450 సార్లు తిరుగుతాయి. పది అంగుళాల బ్లేడు అంచు వేగం అప్పుడు సెకనుకు 46 మీటర్లు, గంటకు 165 కిలోమీటర్లు. కిలో బరువున్న చెక్క అందులో సగం వేగాన్ని అందుకున్నా 27 మీటర్ల ఎత్తు నుంచి మీద పడినంత శక్తితో వచ్చి తగులుతుంది.

ఇది సరైన పద్ధతిలో తోసినప్పటి సంగతి. పొరపాటున అవతలి కొస నుంచి తోస్తే ఇంకా ఘోరం. అక్కడ పళ్లు పైనుంచి దిగుతూ పలక వెళ్లే దిక్కుకే తిరుగుతుంటాయి. పలకను చేతుల్లోంచి లాక్కుని రెప్పపాటులో అవతలికి విసిరేస్తాయి. పలకను గట్టిగా పట్టుకున్న చేయి దాని వెంటే బ్లేడులోకి పోతుంది. అవతలి వైపు నుంచి తోయకపోయినా ఆ ప్రమాదం తొలగదు. కోత చివర్లో పలక కొసను అందుకోవడానికి బ్లేడు చుట్టూ చేయి తిప్పి అవతలికి చాపడం చాలామందికి అలవాటు. బ్లేడు లోపలికి లాగేది సరిగ్గా ఆ వైపు నుంచే. ఇలాంటప్పుడు ‘చేయి వెనక్కి తీసుకుంటాలే’ అన్న ధీమాకు అర్థం లేదు. తగిలిందని గ్రహించి కండరం కదలడానికి మనిషికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆలోపు 40 పళ్ల బ్లేడు పదకొండు చుట్లు తిరుగుతుంది, 450కి పైగా పళ్లు అదే చోటు మీదుగా వెళ్లిపోతాయి.

ఈ రెండు కోతల తేడాను ఎక్కువ మాటలు లేకుండా చెప్పే సాక్ష్యం ఒకటుంది. పని ప్రదేశాలకు వర్తించే అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నియమాల్లో ఈ రంపానికి ప్రత్యేక భాగం ఉంది. బ్లేడు పైభాగాన్ని ఇరుసు కొసతో సహా కప్పే మూత ఉండాలి. కింది భాగానికి రెండు వైపులా పలక మందాన్ని బట్టి దానంతటదే లేచి దిగే గార్డు ఉండాలి. బ్లేడు కోతకు కావలసినదానికన్నా ముందుకు రాకుండా అడ్డు ఉండాలి. యంత్రం ముందు భాగం వెనకకన్నా కాస్త ఎత్తుగా ఉండాలి, వదిలేస్తే మోటారు తనంతట తానే వెనక్కి జారిపోవాలి. అడ్డకోతకు సంబంధించినంతవరకు ఇవన్నీ ఒకసారి అమర్చి మరిచిపోదగ్గవి, తర్వాత మనిషి మతిమరుపుతో వాటికి పనిలేదు. నిలువుకోతకు వచ్చేసరికి నియమాల స్వరం మారుతుంది. పలక వెనక్కి ఎగరకుండా పట్టే గోళ్లను వాడాలి, బ్లేడు తిరిగే దిక్కుకు ఎదురుగానే తోయాలి, ఆ దిక్కు మూత మీద గుర్తుపెట్టి ఉండాలి, మూత వెనకవైపు ఈ కొస నుంచి చీల్చవద్దన్న హెచ్చరిక అంటించాలి. అంటే యంత్రం చేయలేని పనిని ఇక్కడ కొంతవరకు రాతకు అప్పగించారు. హెచ్చరిక అంటించాల్సి వచ్చిన చోట యంత్రం తప్పు చేయనిస్తుందని అర్థం. మరో సంగతి, ఓషా అధికారం యజమాని, కార్మికుడు ఉన్న చోటే చెల్లుతుంది, ఇంటి గ్యారేజీ దాని పరిధిలోకి రాదు. ఫ్యాక్టరీలో కింది గార్డు తప్పనిసరి అయిన తర్వాత కూడా ఏళ్ల తరబడి ఇంటి మోడళ్లు పైమూతతో మాత్రమే అమ్ముడయ్యాయంటే ఆ సందులోంచే.

దీనికి అనుభవజ్ఞులు చెప్పే జవాబును తేలిగ్గా తీసేయకూడదు. మూత ముందు ముక్కును పలకకు తగిలీ తగలనంతగా దించితే పలక పైకి లేవదు. బ్లేడు వెనక నిలిచే పలచటి రేకు, అంటే చీలుడు కత్తి, కోత సందులో ఉంటే సందు మూసుకోదు. గోళ్లు దింపితే పలక వెనక్కి రాదు. తోసే కర్ర వాడితే చేయి దగ్గరకు పోదు. ఇవన్నీ చేస్తే నిలువుకోత కూడా సురక్షితమేనంటారు. భౌతికశాస్త్రం ప్రకారం వాళ్లు చెప్పేది నిజమే. కానీ ఈ అమరికలన్నీ పలక మందం మారినప్పుడల్లా మళ్లీ చేయాలి, మళ్లీ అడ్డకోతకు వెళ్లేటప్పుడు విప్పాలి. ఇంట్లో పనిచేసేవాళ్లు ఒక పుస్తకాల అల్మారా చేసేలోపు రెండు కోతల మధ్య అలా ఎన్నిసార్లో మారుతుంటారు. రాత్రి తొమ్మిదిన్నరకు ఒక్క బద్ద చీల్చడం మిగిలి ఉన్నప్పుడు నాలుగు అమరికలూ జరుగుతాయా? జరగవన్న లెక్కతోనే యంత్రాన్ని అంచనా వేయాలి. గోళ్లకు ఇంకో లోపం ఉంది, పలక కొస వాటిని దాటిన తర్వాతే అవి పట్టగలవు. కోత మొదటి కొన్ని అంగుళాల్లో వాటి అండ లేదు.

ముప్ఫయ్యేళ్లుగా ఏమీ కాలేదన్న వాదం బలంగా వినిపిస్తుంది, లెక్క వేస్తే అంత బలం ఉండదు. లక్ష కోతలకు ఒక్క గాయమే అవుతుందని అనుకుందాం. వారానికి 50 కోతల చొప్పున ముప్ఫయ్యేళ్లకు 78,000 కోతలు. సంభావ్యత సూత్రం ప్రకారం అలాంటివారు వందమంది ఉంటే దాదాపు 46 మందికి ముప్ఫయ్యేళ్లలో చిన్న గాయం కూడా కాదు. మిగిలిన 54 మందికి ఒకటో రెండో అవుతాయి. ఆ 46 మందీ నిజాయితీగానే తమ అనుభవం చెబుతారు. వాళ్ల జాగ్రత్త అబద్ధమని ఎవరూ అనక్కర్లేదు, వాళ్ల అనుభవం మాత్రం యంత్రం గురించి ఏమీ రుజువు చేయదు. ఇదే కొలతను అవతలి జట్టుకూ వర్తింపజేయాలి. 37 లక్షల యంత్రాలకు 300 ఫిర్యాదులంటే నామమాత్రమని ఒకరు, చేతులు తెగాయంటే ఇంకేం కావాలని మరొకరు అంటే ఇద్దరూ లెక్క సగంలో ఆపినవాళ్లే. కంపెనీకి రాసినవాళ్లు గాయపడ్డవాళ్లలో కొందరే. ఎన్ని యంత్రాలు గ్యారేజీ మూలన దుప్పటి కప్పుకుని పడి ఉన్నాయో, ఎన్ని రోజూ నడిచాయో ఆ అంకెలో లేదు. ప్రకటన నుంచి కచ్చితంగా తేలేది ఒక్కటే, గార్డు లేకపోవడాన్ని లోపంగా గుర్తించారు, సరిదిద్దదగ్గ లోపంగానూ గుర్తించారు.

ఇంకో అభ్యంతరం బల్ల రంపాన్ని చూపిస్తుంది. అమెరికాలో బల్ల రంపం బ్లేడు తగిలి అత్యవసర చికిత్సకు వెళ్లేవారు ఏటా 30 వేల స్థాయిలో ఉంటారని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం అంచనా, అలాంటప్పుడు రేడియల్ ఆర్మ్‌నే ఎందుకు తప్పుపట్టాలి? బల్ల రంపాలు చాలా ఎక్కువ ఇళ్లలో ఉన్నాయి, చాలా ఎక్కువ గంటలు నడుస్తాయి, కాబట్టి మొత్తం అంకెలతో ఈ పోలిక తేలదు. తేల్చగలిగేది నిర్మాణం. బల్ల రంపంలో పలక లోపలికి వెళ్లే చోట పళ్లు కిందికి దిగుతాయి, పలకను బల్లకేసి నొక్కుతాయి. పలకను ఎత్తి విసరగలిగేవి వెనక పళ్లు. ఆ వెనక పళ్లకు ఆనుకుని, బ్లేడుతోపాటే లేచి దిగే చీలుడు కత్తి కొత్త యంత్రాల్లో ఉంటుంది, మామూలు కోతలకు దాన్ని విప్పే అవసరం లేదు. స్టీవ్ గాస్ కనిపెట్టిన ‘సాస్టాప్’ ఏర్పాటు 2004 నుంచి మార్కెట్లో ఉంది. బ్లేడులో నడిచే స్వల్ప విద్యుత్ సంకేతం వేలు తగలగానే మారుతుంది, సెకనులో కొన్ని వేల వంతుల్లో అల్యూమినియం దిమ్మె బ్లేడులోకి దూసుకుపోయి దాన్ని ఆపేస్తుంది. ఆ ఏర్పాటు వచ్చింది బల్ల రంపానికే. అంటే నిలువుకోతకు మెరుగైన ఇల్లు వేరే ఉంది. గాయాలు అక్కడా అవుతున్నాయన్నది నిజమే, అది రేడియల్ ఆర్మ్ మీద చీల్చడానికి మాత్రం సాక్ష్యం కాదు.

మరి అడ్డకోతకైనా ఇది కావాలా? అడ్డకోతల కోసమే చేసిన జారుడు మైటర్ సా వచ్చాక ఈ ప్రశ్న గట్టిగానే నిలబడింది. ఆ యంత్రం బ్లేడు కూడా అదే దిక్కుకు తిరుగుతుంది, కానీ వాడే పద్ధతి వేరు. తలను ముందుకు లాగి, కిందికి దించి, ఫెన్స్ వైపు తోస్తూ కోస్తారు. కోత దిశ తిరగబడడంతో బ్లేడు మనవైపు దూకదు, మన తోపుకే ఎదురొడ్డుతుంది. తల లేపగానే కింది గార్డు బ్లేడును కప్పేస్తుంది. రేడియల్ ఆర్మ్‌లో పెద్ద చిక్కును ఒక్క దిశ మార్పుతో తీర్చారన్నమాట. చంకన పెట్టుకుని వెళ్లగల బరువు, తక్కువ ధర కలిసి పాత రంపాన్ని ఇళ్లలోంచి దాదాపు తరిమేశాయి. ఇంటివాడి అవసరాల్లో తొంభై పాళ్లు మైటర్ సాతో తీరిపోతాయి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేదీ అదే. మిగిలిన పది పాళ్లలో రేడియల్ ఆర్మ్‌కు ఇంకా చోటుంది. వెడల్పు గాడి బ్లేడుల దొంతర దీని ఇరుసుకు పడుతుంది. పలకను ఫెన్స్ వెంట జరుపుకుంటూ అల్మారా పలకకు అడ్డంగా పది గాడులు ఒకే లోతులో తీయవచ్చు. రెండు బద్దలను సగం సగం చెక్కి కలిపే అతుకులకూ ఇంతే. దీని ఇండక్షన్ మోటారు చెవులు చిల్లులు పడేలా అరవదు. అయోవా రాష్ట్రం బ్రిట్‌లోని ఒరిజినల్ సా కంపెనీ పరిశ్రమల కోసం ఈ రంపాలను నేటికీ తయారు చేస్తోందంటే ఆ పని ఇంకా ఉన్నట్టే.

ఇక కచ్చితత్వం. ఈ రంపం సరిగ్గా 90 డిగ్రీలు కోయదని పేరుపడింది, ఆ పేరు దానికి ఊరికే రాలేదు. స్తంభం, చేయి, బండి, మోటారు కొక్కెం ఇలా ప్రతి కీలులో కొంచెం వదులుంటుంది. చేయి పావు డిగ్రీ తప్పితే 300 మిల్లీమీటర్ల పలక చివర 1.3 మిల్లీమీటర్ల సందు కనిపిస్తుంది, అల్మారా మూల కలవదు. పాత పోత ఇనుము చేయి ఉన్న మోడళ్లు ఈ విషయంలో తర్వాతి రేకు మోడళ్లకన్నా నయం. ఏ మోడలైనా తిప్పిన ప్రతిసారీ సరిచూసుకోక తప్పదు. వాలెస్ కంకెల్, జాన్ ఈక్స్ అనే రచయితలు ఈ రంపం వాడకం, సర్దుబాట్ల మీదే ఒక్కో పుస్తకం రాశారు. ఇక్కడ కచ్చితత్వం, భద్రత రెండు విషయాలు కావు. బ్లేడు తాను నడిచే గీతకు కాస్త ఏటవాలుగా ఉంటే అడ్డకోతలో అంచు పీచు లేస్తుంది, అంతే. నిలువుకోతలో అదే వాలు పలకను ఫెన్స్‌కూ బ్లేడుకూ మధ్య నొక్కుతుంది, కిక్‌బ్యాక్‌కు అదే మొదటి మెట్టు. ఒకే తప్పు ఒక కోతలో గరుకుతనంగానూ మరో కోతలో ఆసుపత్రి ఖర్చుగానూ తేలుతోంది. చేయిని, మోటారును ఒకే స్థానంలో బిగించి వదిలేస్తే ఏడాదిలో ఒకటి రెండుసార్లు సరిచూసుకుంటే చాలు, రెండు సమస్యలూ కలిసి తగ్గుతాయి.

డాలస్, న్యూజెర్సీ శివార్లలో గ్యారేజీ ఉన్న తెలుగువాళ్లు చాలామందే. ఆ చుట్టుపక్కల గ్యారేజీ అమ్మకాల్లో ఈ పాత రంపాలు నామమాత్రపు ధరకు, ఒక్కోసారి తీసుకుపోతే చాలన్నట్టుగా దొరుకుతాయి కాబట్టి ఈ చర్చ వాళ్లకు నేరుగా సంబంధించిందే. ఆంధ్ర, తెలంగాణల్లో ఇళ్లలో ఈ యంత్రం దాదాపు కనిపించదు. కానీ రాయి కోసే మార్బుల్ కట్టరుకు చెక్క బ్లేడు బిగించి, ప్లైవుడ్ బల్ల కింద తలకిందులుగా కట్టి, గార్డు తీసేసి నిలువుకోతలు కోయడం మన ఇంటీరియర్ పనుల్లో మామూలే. నిమిషానికి పన్నెండు వేలకు పైగా తిరిగే ఆ చిన్న బ్లేడు అంచు వేగం అమెరికన్ గ్యారేజీ రంపంకన్నా ఎక్కువ. వెనక చీలుడు కత్తి లేదు, స్విచ్చు చేతికందదు, పలక విసిరే దారిలో మనిషి నిలబడి ఉంటాడు. ఏ పనికి చేసిన యంత్రం, ఏ పనికి వాడుతున్నాం, బలం ఏ దిక్కుకు పోతోంది అన్న మూడు ప్రశ్నలూ దాన్నీ అడగాల్సిందే.

పాత రేడియల్ ఆర్మ్ రంపం చేతికొస్తే ముందు మోడల్ సంఖ్యను 2000 నాటి ప్రకటనలోని జాబితాతో పోల్చాలి. కింది గార్డు లేకపోతే అది వచ్చేదాకా ప్లగ్గు పెట్టకూడదు, ఆ మోడలుకు గార్డు రాదని తేలితే ఇనుప సామాన్లకు ఇచ్చేయడం మేలు. గార్డు ఉంటే యంత్రం ముందు కాళ్ల కింద పలచటి చెక్క పెట్టి కాస్త వెనక్కి వాల్చాలి. బ్లేడు మార్చి రుణ కోణం ఉన్నది బిగించాలి. ముందుకు వచ్చే దూరానికి బోల్టుతో అడ్డు పెట్టాలి. పలకను పట్టే చేయి బ్లేడు దారికి ఆరంగుళాల కన్నా దగ్గరకు రాకూడదు, కుడి ఎడమ చేతులు ఒకదాని మీదుగా ఒకటి పోకూడదు, అడుగుకన్నా పొట్టి ముక్కను చేత్తో కాక క్లాంపుతో బిగించాలి. స్విచ్చు ఆపాక బ్లేడు చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి తెగిన ముక్కను అది పూర్తిగా ఆగాకే తీయాలి. చివరగా, మోటారును నిలువుకోతకు తిప్పే తాళం మీద పిడి ఉంటుంది. దాన్ని ఊడదీసి, ఆ చోట స్పానరుతో తప్ప కదలని బోల్టు బిగించేస్తే, రాత్రి తొమ్మిదిన్నరకు మిగిలిన ఆ ఒక్క బద్దను చీల్చడానికి బల్ల రంపం ఉన్న ఇంటికి మర్నాడు వెళ్లాల్సిందే.